స్పీచ్ థెరపీ చదివాను, రెండు భాషల మనుషుల మీద పీహెచ్‌డీ చెయ్యాలనుంది. ఎటు నుంచి మొదలుపెట్టాలి?

ఆదోని పిల్ల

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక చేసుకోండి.

నాకు 26. సికింద్రాబాద్‌లో బీఏఎస్‌ఎల్‌పీ (స్పీచ్ థెరపీ, ఆడియాలజీ డిగ్రీ) చేసి, ఆర్సీఐ (మా లాంటి థెరపిస్టుల్ని నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకుని, మూడేళ్లుగా కూకట్‌పల్లి వైపు ఒక థెరపీ సెంటర్లో పనిచేస్తున్నా. రోజుకు 8 సెషన్లు, నెలకు 24 వేలు. పని మీద విసుగు లేదు. విసుగల్లా ఒక్క వాక్యం మీద. మాటలు రాని పిల్లల్ని తీసుకుని అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు మా దగ్గర ఒక కాగితం ఇస్తారు. అందులో మూడో లైను: ‘ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, ఇంగ్లీషైతే మంచిది.’ ఎందుకు మేడమ్ అని ఒకసారి అడిగితే, రెండు భాషలు వింటే పిల్లలు కన్‌ఫ్యూజ్ అవుతారన్నారు. అట్లని ఎవరు తేల్చారు అని అడిగే ధైర్యం అప్పుడు లేకపోయింది.

పోయిన ఆగస్టులో ఒక నాలుగేళ్ల బాబు వచ్చాడు. ఇంట్లో తెలుగు, చూసుకునే ఆయమ్మతో హిందీ, ప్లేస్కూల్లో ఇంగ్లీషు. 20 బొమ్మల కార్డులు చూపించి పేర్లడిగాను. బెండకాయ చూసి ‘లేడీస్ ఫింగర్’ అన్నాడు. చీపురు చూసి ‘చీపురు’ అన్నాడు. దువ్వెన చూసి తల గోక్కున్నాడు, పేరు రాలేదు. ఇంగ్లీషులో 11 చెప్పాడు. మళ్లీ అవే కార్డులు తెలుగులో అడిగితే 9. ఏదో ఒక భాషలో పేరు తెలిసినవి లెక్కేస్తే 16. రిపోర్టులో ఇంగ్లీషు అంకె ఒక్కటే రాయమన్నారు. 11 చూసి వాళ్ల నాన్న ముఖం వాడిపోయింది. 16 సంగతి నేను లిఫ్టు దగ్గర చెప్పాను, ఏదో దొంగతనం చేసినట్టు.

రెండోది మా తాత కథ. మాది ఆదోని. తాత పుట్టింది సిరుగుప్ప దగ్గర, చిన్నప్పటి మాట కన్నడం. పెళ్లయినాక ఆదోనిలో పత్తి మార్కెట్లో గుమాస్తాగా చేరి నలభై ఏళ్లు తెలుగులోనే బతికాడు. నేను ఇంటర్ చదివేటప్పుడు ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మూడు వారాలకు వచ్చిన మొదటి మాట ‘నీరు కొడు’. కన్నడంలో అది నీళ్లియ్యి అని. మా అవ్వది నంద్యాల పక్క, ఆమెకు కన్నడం అంతంత మాత్రం. నీళ్లు కొట్టమంటున్నాడేమో అనుకుని బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోయింది! ఆమె బిందె నింపుకొచ్చేసరికి ఆయన ఏడుస్తున్నాడు. తెలుగు రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. నేను ఈ కోర్సులో చేరిందే అందుకు.

అడగాల్సింది ఇదీ. పిల్లల వైపైనా సరే, పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ల వైపైనా సరే, రెండు భాషల సంగతి మీద రీసెర్చ్ చేసి పాఠాలు చెప్పే ఉద్యోగంలోకి పోవాలనుంది. ఎమ్మెస్సీ మైసూరులో చెయ్యాలా, హైదరాబాద్‌లోనేనా, అప్పు చేసి అమెరికా పోవాలా? మా ఫీల్డులోనే ఉండాలా, లింగ్విస్టిక్స్‌లోకి మారాలా? ‘అదంతా అయ్యేసరికి నీకు 35 వస్తాయి’ అంటోంది అమ్మ. లెక్క తప్పేం కాదు.

గచ్చిబౌలి గోపి

యూఎస్ వెళ్లిపోండి. ఇక్కడ స్కోప్ లేదు. మా కజిన్ అక్కడ స్పీచ్ థెరపిస్టే, సెటిలైపోయింది.

గోదారి మాస్టారు

గోపి గారూ, ఆ అమ్మాయి అడిగింది సెటిలవడం గురించి కాదండి.

అమ్మా, నేను మీ ఫీల్డే. మాది పాలకొల్లు. మైసూరులో ఎమ్మెస్సీ, అక్కడే పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను.

ముందు మీ కాగితంలో ఆ మూడో లైను తీసేయించండి. అది తప్పు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. నిజంగా భాషాలోపం ఉన్న పిల్లవాడికైతే అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. ఒక్క భాషలోనే వెనకబడితే ఆ భాష వాడి చెవిన తక్కువ పడుతోందని అర్థం. భాషాలోపం ఉండి ఫ్రెంచీ, ఇంగ్లీషూ రెండూ మాట్లాడే పిల్లల్ని, అదే లోపంతో ఒకే భాష మాట్లాడే పిల్లల పక్కన పెట్టి కెనడాలో జొహాన్ పారాడిస్ బృందం 2003లోనే చూసింది. రెండు భాషల పిల్లలు వాళ్లకంటే వెనకబడి లేరు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లోనూ, ఆటిజం పిల్లల్లోనూ తరవాత చూసినవాళ్లకి దాదాపు అదే కనిపించింది.

మీరు లిఫ్టు దగ్గర చెప్పిన 16 కూడా దొంగలెక్క కాదు. ఏ భాషలో చెప్పినా వస్తువుకి ఒక మార్కు. దాన్ని కాన్సెప్చువల్ స్కోరింగ్ అంటారు. 1993లో మయామీలో స్పానిష్, ఇంగ్లీషు వినే పసిపిల్లల మీద పియర్సన్ బృందం చేసింది అదే. అంటే ఎవరూ నేర్పకుండానే మీరు సరైన లెక్క కట్టారు. అప్లై చేసేటప్పుడు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెబుతూ రాసే ఎస్ఓపీలో మొదటి పేరా అదే రాయండి. ‘చిన్నప్పటి నుంచి భాషలంటే ఆసక్తి’ అని మాత్రం రాయకండి, కమిటీలో కూర్చున్నవాళ్లు అది రోజుకి ముప్పైసార్లు చదువుతారు.

తాతగారి సంగతి దగ్గర కాస్త ఆగండి. ముందు నేర్చిన భాషే ముందు తిరిగొస్తుందని రిబో పేరుమీద ఒక సూత్రం ఉంది. ఎక్కువ వాడిన భాషే ముందొస్తుందని 1895లో పిత్ర్ అనే ఫ్రెంచి డాక్టరు రాశాడు. మీ తాతగారు మొదటి ఆయన్ని గెలిపించినట్టు కనిపిస్తుంది. కానీ అసలు ఎక్కువమందికి రెండు భాషలూ దాదాపు కలిసే వస్తాయి. ఇలా విడివిడిగా వచ్చినవాళ్ల కథలే జనం రాసి అచ్చేశారు, అందుకే పుస్తకాల్లో అవే ఎక్కువ. ఈ తిరిగొచ్చే పద్ధతులన్నిటికీ పేర్లు పెట్టి, 1980ల్లో బైలింగ్వల్ అఫేజియా టెస్టు (అఫేజియా అంటే మెదడు దెబ్బతిని మాట పడిపోవడం) తయారుచేసింది మాంట్రియల్‌లో మిషెల్ పారాడిస్. ఇద్దరు పారాడిస్‌లు, ఇద్దరూ కెనడాయే. కలిపేసుకోకండి. నా వైవాలో నేను కలిపాను. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు దారి. బీఏఎస్‌ఎల్‌పీతో నేరుగా పీహెచ్‌డీ గురించి ఆలోచించకండి. ఎమ్మెస్సీ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ చెయ్యండి, ఆడియాలజీ కాదు. మైసూరులో మన ఫీల్డుకి ఉన్న కేంద్ర సంస్థ ఆయిష్‌లో ఎంట్రన్స్ ఉంటుంది, రాయండి. అక్కడి లాభం బిల్డింగులు కాదు, లైబ్రరీలో బీరువాల నిండా ఉన్న పాత డిసర్టేషన్లు. కన్నడానికి ప్రతిభా కారంత్ గారు చేసిన లింగ్విస్టిక్ ప్రొఫైల్ టెస్టు లాంటివి ఎలా పుట్టాయో, ఏ ప్రశ్న ఎందుకు పెట్టారో అక్కడ చదివితే తెలుస్తుంది. డబ్బు సంగతంటారా, నేను లింగ్విస్టిక్స్‌లో నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) రాశాను, రెండోసారికి జేఆర్ఎఫ్, అంటే రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, వచ్చింది. ఇప్పుడు నెలకి 37 వేలు, రెండేళ్ల తరవాత 42 వేలు, ఇంటద్దె అలవెన్సు వేరే. మీ ఇప్పటి జీతం కంటే ఎక్కువే. ఇది అమ్మగారికి చెప్పండి.

నా పీహెచ్‌డీకి ఆరేళ్లు పట్టింది. అందులో ఏడాదిన్నర నా మూర్ఖత్వం. పక్షవాతం తరవాత రెండు భాషల వాళ్లనీ, ఒకే భాష వాళ్లనీ పోల్చాలని సినాప్సిస్ (రీసెర్చ్ ప్లాను) రాసుకున్నాను, పడమటి పేపర్లు చూసి. ఆ ఒకే భాష వాళ్లేరీ? హైదరాబాద్‌లో దొరకలేదు. పాలమూరు వైపు ఒక పల్లెకి వెళ్లాను. బడి ముఖం చూడని డెబ్భై ఏళ్లావిడ, తెలుగు తప్ప ఏమీ రాదంది. నేను ఆనందంగా ఫారం నింపుతున్నాను. ఇంతలో గాజులమ్మే ఆయన వచ్చాడు. ఆవిడ నా ముందే అతనితో ఉర్దూలో పది నిమిషాలు బేరమాడి, డజను మీద ఐదు రూపాయలు తగ్గించుకుంది. ‘ఏమ్మా, ఉర్దూ రాదన్నావుగా’ అంటే, ‘అది రావడమేంది సారూ, గాజులాయనతో మాట్లాడేది’ అంది.

ఆ రోజే ఫారం చించేశాను. కంట్రోల్ గ్రూపు ఎత్తేసి, ఎవరితో ఏ భాష, రోజుకి ఎంతసేపు అన్నదాన్ని కొలతగా పెట్టుకుని మొత్తం తిరగరాశాను. ఇలాంటి వివరాలు అడగడానికి 2007లో వచ్చిన లీప్-క్యూ అని ఒక ప్రశ్నావళి ఉంది, చాలామంది వాడతారు. అందులో ఏ భాషలో చదువుతారు, ఎన్నేళ్లు చదివారు లాంటి ప్రశ్నలు గాజులావిడ దగ్గర పనికిరావు. మీరు చెయ్యాల్సిన పని అక్కడుంది.

వరంగల్ టు డాలస్

చెల్లీ, నేను ఇక్కడ ఒక పబ్లిక్ స్కూల్లో ఎస్‌ఎల్‌పీని, అంటే స్పీచ్ థెరపిస్టును, పదకొండేళ్లయితంది. మాస్టారు చెప్పింది కరెక్టే గానీ అమెరికాను అంత తేలిగ్గ కొట్టేయకు. లెక్క చెప్త, నువ్వే చూస్కో.

ఇక్కడ రెండు దారులు. ఒకటి, మాస్టర్స్ చేసి సర్టిఫికేషన్ తెచ్చుకునుడు. 400 గంటల క్లినిక్, ప్రాక్సిస్ అనే పరీక్షల 162 స్కోరు, ఆ తర్వాత 36 వారాల ఫెలోషిప్, అప్పుడు నీ పేరు పక్కన ‘సీసీసీ’ అని మూడు సీ అక్షరాలు పడతయి, ఆ సర్టిఫికేషన్ గుర్తు అదే. మాస్టర్స్‌కు ఫండింగ్ దాదాపు ఉండదు, సొంత పైసలే. రెండోది నేరుగా పీహెచ్‌డీ. దానికి సర్టిఫికేషన్ అక్కర్లేదు, చాలా చోట్ల ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తరు. కానీ తర్వాత ఫ్యాకల్టీ పోస్టుకు పోయినప్పుడు స్టూడెంట్ల క్లినిక్‌ను సూపర్‌వైజ్ చెయ్యాల్నంటే ఆ మూడు సీలు అడుగుతరు. నా ఫ్రెండొకామె ఇట్లనే ఇరుక్కుంది, పీహెచ్‌డీ అయినంక మళ్ల క్లినిక్ గంటలు చేసింది. ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు: ఎన్ఐహెచ్ (ఇక్కడి సర్కారు ఆరోగ్య రీసెర్చ్ సంస్థ) వాళ్లు పీహెచ్‌డీ స్టూడెంట్లకిచ్చే ఎఫ్31 ఫెలోషిప్పు సిటిజన్లకు, గ్రీన్‌కార్డు వాళ్లకు మాత్రమే. అంటే నీ పైసలు నీ ప్రొఫెసర్ గ్రాంటుల నుంచే రావాలె. కాబట్టి యూనివర్సిటీని కాదు, ప్రొఫెసర్‌ను చూసి అప్లై చెయ్. వీసాల రూల్స్ ఏడాదికో తీరు ఉంటున్నయి, వాటిని నమ్ముకొని మాత్రం అప్పు చెయ్యకు.

ఇక్కడ బైలింగ్వల్ అంటే తొంభై శాతం మాటల్ల స్పానిషే. టెస్టులు స్పానిష్‌కే, గ్రాంట్లు స్పానిష్‌కే. తెలుగు పిల్లలు మాత్రం నా బడిల క్లాసుకు ముగ్గురు నలుగురు. చట్టం ఏమంటదంటే, పిల్లగాన్ని వాని సొంత భాషల పరీక్షించాలె. ఏ టెస్టుతోని పరీక్షించాలె?

ఒక ముచ్చట చెప్త. పోయినేడు ఫస్ట్ గ్రేడ్ పిలగాడు, ఇండియా నుంచి వచ్చి ఏడు నెలలు. టీచర్ రాసి పంపిన కాగితంల రెండు ఫిర్యాదులు. ఒకటి, మాట చివర ఏదో సౌండ్ తగిలిస్తున్నడు, బుక్కు, బస్సు, కప్పు. ఇంకోటి, వాళ్ల చెల్లెను ‘ఇట్’ అంటున్నడు, మనుషులకు వస్తువులకు తేడా తెలుస్తలేదేమో, ఆటిజం ఏమన్న చూడుండ్రి అని. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. తెలుగు మాటలన్నీ దాదాపు అచ్చుతోనే అయిపోతయి కదా, వాడు బస్సు అనక ఇంకేమంటడు? చెల్లె గురించి మనింట్ల ఏమంటం? ‘అది పన్నది, అది తిన్నది.’ వాడు ఆ ‘అది’ని తీసుకపోయి ఇంగ్లీషుల పెట్టిండు, అంతే. నేను రెండు పేజీలు రాసి పంపిన. మీటింగుల సైకాలజిస్టు అడిగిండు, దీనికి ఏమన్న పబ్లిష్డ్ రెఫరెన్సు ఉందా అని. నా దగ్గర చూపెట్టనీకి మా అమ్మ తప్ప ఎవ్వరు లేరు.

ఆ రెఫరెన్సు నువ్వు రాయి. మైసూరుల రాస్తవో, బోస్టన్‌ల రాస్తవో నాకనవసరం.

శ్రీను నాన్న

నేను మీ ఫీల్డ్ కాదండి, మొబైల్ షాపు నడుపుతాను. మా బాబుకి ఆటిజం. మాకు కూడా ఒక సెంటర్లో ఇంగ్లీషే మాట్లాడమని చెప్పారు. నా భార్య పదో తరగతి. రోజంతా వాడితో ఉండేది తనే. కమ్, సిట్, ఈట్, గో. ఈ నాలుగు ముక్కలు తప్ప వాడితో రెండేళ్లు ఏమీ మాట్లాడలేదు. జోల పాడడం కూడా మానేసింది, తెలుగు కదా అని. తప్పు చేస్తున్నానేమో అని భయం. ఇప్పుడు ఇంకో థెరపిస్టు దగ్గరికి వెళ్తున్నాం, ఆవిడ తెలుగులో మాట్లాడమన్నారు. మీరు పీహెచ్‌డీ ఎక్కడ చేసినా పర్లేదు గానీ మేడమ్, ఆ మూడో లైను మాత్రం ఈ వారమే తీయించండి.

అల్లిక

నేను క్లినిక్ మనిషిని కాను, లింగ్విస్టిక్స్ చదువుకుని రీసెర్చ్ చేస్తున్నాను. మీరు మూడో దారి అడగలేదు గానీ అది హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి చెబుతున్నాను.

హైదరాబాద్ యూనివర్సిటీలో సెంటర్ ఫర్ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ ఉంది. అక్కడ రమేశ్ కుమార్ మిశ్రా గారు రెండు భాషల వాళ్ల దృష్టి, ఏకాగ్రత మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. మన ఊళ్లోనే జరిగిన ఇంకో పెద్ద పని మీకు తెలిసే ఉంటుంది: నిమ్స్‌లో న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి గారి బృందం 2013లో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల రికార్డులు చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకి ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేల్చింది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా ఉండటం దాని బలం. ఎందుకంటే కెనడాలో ఇదే సంగతి చెప్పినప్పుడు, అదంతా వలస వచ్చినవాళ్ల ఆరోగ్యం తేడా, చదువు తేడా అని కొట్టిపారేసినవాళ్లున్నారు. హైదరాబాద్‌లో రెండో భాష రావడానికి బడీ అక్కర్లేదు, వలసా అక్కర్లేదు. మాస్టారి గాజులావిడే సాక్ష్యం. ఆ బృందంలో ఉస్మానియా లింగ్విస్టిక్స్ నుంచి వసంత దుగ్గిరాల గారు ఉన్నారు. ఆవిడ మీ ఫీల్డుకీ, మా ఫీల్డుకీ వంతెన లాంటి మనిషి. ఇప్పుడు అల్లాడి గారు బెంగళూరు నిమ్హాన్స్‌లో ఉన్నారు.

మీ తాతగారి కథకి దగ్గరది అదే బృందం 2016 నాటి పేపర్. 608 మంది పక్షవాతం రోగులు. ఆ తరవాత ఆలోచన, జ్ఞాపకం దెబ్బతినకుండా నిలిచినవాళ్లు రెండు భాషల వాళ్లలో 40.5 శాతం, ఒకే భాష వాళ్లలో 19.6 శాతం. కానీ మాట పడిపోవడంలో, అంటే అఫేజియా రావడంలో, రెండు గుంపులకీ తేడా లేదు. నాకు ఆ ‘తేడా లేదు’ దగ్గరే ఆసక్తి. మిగతాదంతా కాపాడిన రెండో భాష, మాటని ఎందుకు కాపాడలేదు?

ఒక హెచ్చరిక. రెండు భాషలొస్తే బుర్ర పదునెక్కుతుందన్న వాదం మీద పదేళ్లకి పైగా కొట్లాట నడుస్తోంది. కెనడా సైకాలజిస్టు ఎలెన్ బియాలిస్టాక్ ఒక వైపు, 2013 నుంచి అమెరికా సైకాలజిస్టు కెనెత్ పాప్ ఇంకో వైపు. ఆ యుద్ధంలోకి పీహెచ్‌డీ విద్యార్థిగా దిగకండి, మధ్యలో నలిగిపోతారు. మీ దగ్గర ఉన్న ప్రశ్న దానికంటే మంచిది, పనికొచ్చేది కూడా.

నా దారిలో వస్తే మీ ఆర్సీఐ రిజిస్ట్రేషన్ వదులుకోకండి, శిక్షణలకు వెళ్లి సీఆర్ఈ పాయింట్లు తెచ్చుకుంటూ రెన్యూ చేసుకోండి. మా ల్యాబుల్లో కళ్లు ఎటు కదులుతున్నాయో పట్టే ఐ ట్రాకర్లున్నాయి, స్టాటిస్టిక్స్ వచ్చినవాళ్లున్నారు. పక్షవాతం వచ్చిన మనిషి పక్కన కూర్చుని, ఆయన అలసిపోయాడని గుర్తుపట్టి టెస్టు ఆపగలిగినవాళ్లు లేరు.

గోదారి మాస్టారు

అల్లిక గారితో ఒక్క చోట ఒప్పుకోను. లింగ్విస్టిక్స్ పీహెచ్‌డీతో మా కాలేజీల్లో స్పీచ్ పోస్టుకి తీసుకోరండి, ఎమ్మెస్సీ మా సబ్జెక్టులోనే ఉండాలంటారు. ముందు ఎమ్మెస్సీ ఇక్కడ చేసుకుని, పీహెచ్‌డీకి అటెళ్లినా తలుపులు రెండూ తెరిచుంటాయి. అటు నుంచి ఇటు రావడమే కష్టం.

ఆదోని పిల్ల

అందరికీ థాంక్స్. నాలుగు రోజులు తీసుకున్నా, ఏమనుకోకండి.

శ్రీను నాన్నగారూ, మీ మెసేజ్ ప్రింట్ తీసి, పేరు కత్తిరించి, మా మేడమ్ టేబుల్ మీద పెట్టాను. మాస్టారు చెప్పిన 2003 పేపర్ కూడా పెట్టాను గానీ ఆమె చదివింది మీదే. మూడో లైను మొత్తం తీసెయ్యలేదు. ‘మీకు బాగా వచ్చిన భాషలో మాట్లాడండి’ అని మార్చారు. ‘ఇంగ్లీషైతే మంచిది’ ఎగిరిపోయింది. పాత కాగితాలు రెండొందలు మిగిలాయి, వాటి మీద పెన్నుతో కొట్టే పని నాకే పడింది.

మైసూరు ఎంట్రన్స్‌కి చదువుతున్నా. ఒకవేళ రాకపోతే సికింద్రాబాద్‌లోనే ఎమ్మెస్సీ. నెట్‌కి లింగ్విస్టిక్స్ సిలబస్ దించుకున్నా. ఫొనాలజీ చూస్తే మాత్రం భయంగా ఉంది మాస్టారూ. అక్కా, డాలస్ కథ మా అమ్మకు చదివి వినిపించాను. ‘మరి చెల్లెల్ని అది అనక ఏమంటారు?’ అని అమ్మ నిజంగానే అడిగింది. 35 సంగతి మళ్లీ ఎత్తలేదు, 37 వేల సంగతి మాత్రం రెండుసార్లు అడిగింది.

అల్లిక గారూ, మీ ప్రశ్న ఒక నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నా.

పండక్కి ఇంటికి పోయినప్పుడు మా చిన్నాన్న పాత నోకియా ఫోనులో ఒక రికార్డింగ్ దొరికింది. తాతకు మాట వస్తున్న రోజుల్లో తీసింది, 11 నిమిషాలు. బొంబాయిలో ఉన్న మా అత్తకు వినిపించడానికని తీశాడంట. ముందు నాలుగు నిమిషాలు అంతా కన్నడం. తర్వాత అవ్వ గొంతు వినిపిస్తుంది, ‘కాఫీ తాగుతావా’ అని. ఆయన ‘ఊఁ’ అని, కాసేపాగి, ‘చక్కెర... వద్దు’ అంటాడు. తెలుగులోనే. ఇంట్లో అందరం తెలుగు రెండు నెలల తర్వాతే వచ్చిందని చెప్పుకుంటూ వచ్చాం. ఫోనులో తేదీ చూస్తే పక్షవాతం వచ్చి 26 రోజులే అయ్యింది.

నాకు కన్నడం వింటే సగం తెలుస్తుంది, రాయడం రాదు. సిరుగుప్ప వైపు యాస తెలిసినవాళ్లు ఎవరైనా ఆ నాలుగు నిమిషాలు రాసిపెడతారా?

గోదారి మాస్టారు

ఇంట్లోవాళ్ల అనుమతి తీసుకుని, పేర్లు వినిపించే చోట చెరిపేసి పంపండి. మా డిపార్ట్‌మెంట్లో బళ్లారి కుర్రాడొకడు ఉన్నాడు, ఆదివారం వాణ్ణి కూర్చోబెడతాను. కాఫీ దగ్గర ఎన్ని సెకన్లు ఆగాడో కూడా రాయమంటాను.